ఎస్తేరమ్మ చేతి పేరు

ఒకప్పుడు నా నోటి నుంచి ఒక అబద్ధం వచ్చింది. పెద్దదేం కాదు, ఊపిరి తీసుకునేంతలో అయిపోయే మాట. ఆ మధ్యాహ్నం నుంచి ఇవాళ్టి దాకా, నిండు బిందె నెత్తిన పెట్టుకుని దించే చోటు దొరకని దానిలా తిరుగుతున్నాను. వంట చేశాను, పిల్లల్ని కన్నాను, కూతురి పెళ్లి చేశాను, నలుగురిలో కూర్చుని నవ్వాను. బిందె మాత్రం దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు ఎందుకు మోస్తాను? నా పేరు రాయను. ఊరి పేరూ రాయను. రుద్రూరుకూ కోటగిరికీ మధ్య కాలువ నీళ్లు పారే ఊళ్లలో ఏదో ఒకటి అనుకోండి. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం కూడా సగం దొంగతనమేనని నాకు తెలుసు. నాకున్న ధైర్యం ఇంతే.

ఆమె పేరు మాత్రం దాచను. ఎస్తేరమ్మ. ఆ పేరు చూసి మా ఊరివాళ్లెవరైనా నన్ను గుర్తుపడితే పట్టనీ. నిజానికి ఆ రోజుల్లో మేం ఎస్తేరమ్మ అనలేదు. "ఏమే ఎస్తేరూ" అనేవాళ్లం, మా అత్తంత వయసు మనిషిని. ఇప్పుడు పేరు చివర అమ్మ చేర్చి రాస్తున్నాను. చేర్చి ఏం లాభం?

నేను కాపురానికి వచ్చేనాటికి హైదరాబాదు రాష్ట్రం పోయి కొత్త రాష్ట్రం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అత్తగారిది చెరుకు, పసుపు, వరి పండించే ఇల్లు. నిజామాబాదులో బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు ఇంటి నుంచి మా మామ బాతుల్ని తెచ్చాడు. మామూలు బాతులు కావు. తెల్లగా, పొడుగు మెడలతో, చిన్న మేకపిల్లంత ఉండేవి. ఊళ్లో వాటిని హంసబాతులు అనేవాళ్లు. ఇంటి వెనకంతా చెరుకు తోటలే కాబట్టి పాముల భయం ఉండేది. ఈ బాతులు ఉంటే పాము రాదని, కొత్త మనిషి అడుగుపెడితే ఊరంతా లేపుతాయని మామ నమ్మకం. ఒక మగది, మూడు పెట్టలు. మామ తెచ్చి దొడ్లో వదిలాడు. అత్త నన్ను పిలిచి, "ఇగ గివి నీయి. నీ చెయ్యి ఎట్లుంటదో సూద్దాం" అంది.

ఆ మాటలో బాతుల సంగతి ఒక్కటే లేదు. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా నా కడుపు పండలేదు. నా చేత్తో నాటిన బీరపాదు ఎండిపోయినా, నేను తోడుపెట్టిన పెరుగు సరిగ్గా తోడుకోకపోయినా అత్త పెద్దగా ఏమీ అనేది కాదు. ఒక్కసారి నా చేతుల వైపు చూసేది. తిడితే నేనూ ఒకటి అనేసి తేలికపడేదాన్ని. చూపుకు ఏం బదులిస్తాను?

అందుకే ఆ బాతుల్ని ప్రాణంగా పెంచాను. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప చెప్పుకునే అర్హత ఎప్పుడో పోయింది. వానాకాలంలో వాటి రెక్కల ఈకలు రాలిపోయి బోడిగా, నీరసంగా పడుండేవి. అప్పుడు వాటిని ఎవరూ బెదరగొట్టకుండా చూడాలి, లేతగడ్డి కోసి వెయ్యాలి, కింద తడి లేకుండా పొడి చొప్ప మార్చాలి. వానలు వెనకబట్టాక కొత్త ఈకలతో తెల్లగా తయారై కాలువలో దిగేవి. మగది తన పెట్టల్ని తాను చూసుకునేది. ఆ జతను ఇక చెదరగొట్టకూడదు. చెదరగొడితే ఆ ఏడు ఇక అలకే. చలికాలం మొదలయ్యాక గుడ్లు. పెట్ట చొప్పలో గుంత చేసుకుని, గుడ్డు పెట్టి, పైన చొప్ప కప్పి ఏమీ ఎరగనట్టు నడిచిపోయేది. నేను పోయి, ఒకటి అక్కడే వదిలి, మిగిలినవి తీసి తౌడు పోసిన గంపలో దాచి, రోజూ పక్కకు తిప్పేదాన్ని. ఆ నెలల్లో మగబాతు దగ్గరికి పోతే కాళ్లు పొడిచేది. నా పిక్కల మీద ఎప్పుడూ కమిలిన మచ్చలే. మా ఆయన చూసి, "నన్ను గిట్ల ఎన్నడన్న సూసుకున్నవా?" అని ఏడిపించేవాడు.

ఇంత చేసినా, పెట్ట పొదుగుకు కూర్చున్నాక దాని కింద గుడ్లు పెట్టే పని నాది కాదు. మా వైపు కోడి కిందైనా బాతు కిందైనా గుడ్లు మంచి చెయ్యి ఉన్న మనిషితోనే పెట్టిస్తారు. ఊళ్లో మంచి చెయ్యి అంటే ఎస్తేరమ్మదే. మా దిక్కు మిషనువాళ్ల ఏసు గుడికి పోయే కుటుంబాల్లో ఒకటి వాళ్లది. భర్త లేడు. ఒక కూతురు, ఒక కొడుకు. చెరుకు కలుపు తీసేది, పసుపు ఉడకబెట్టేది. కాన్పులకు మాత్రం ఊరంతా ఆమెనే పిలిచేవాళ్లు. మా ఆయన పుట్టింది ఆమె చేతుల్లోనే. పసుపు విత్తే రోజు మొదటి కొమ్ము ఆమె చేత్తోనే సాలులో వేయించేవాళ్లు. మామూలు రోజుల్లో ఆమె మా ఇంటికి దొడ్డి దారినే రావాలి, వాకిలి తొక్కకూడదు. కాన్పు వస్తే మాత్రం లోపలి గది దాకా రావచ్చు. ఇందులో ఉన్న అన్యాయం అప్పుడు నాకు కనబడలేదు. ఇప్పుడు కనబడుతోందంటే గొప్పేమీ కాదు.

మొదటి ఏడు ఎస్తేరమ్మ పెట్టిన గుడ్లు దాదాపు అన్నీ పిల్లలయ్యాయి. పచ్చటి పసుపు ముద్దల్లాంటి పిల్లలు దొడ్డంతా తిరిగాయి. చూడవచ్చిన ప్రతి మనిషీ, "ఎస్తేరు చెయ్యి గదా!" అంది. నా పేరు ఒక్కరూ ఎత్తలేదు. వానలో తడిసింది నేను. పొడిపించుకున్నది నేను. పేరు మాత్రం, ఒక్క పూట వచ్చి గుడ్లు పెట్టిపోయిన చేతికి. నాకు మండింది. నిజం రాస్తున్నాను కదా, అసలు విత్తనం అదే. తర్వాత జరిగినదానికి నేను ఎన్ని కారణాలు వెతుక్కున్నా, తవ్విన కొద్దీ ఆ మంటే కనబడుతుంది.

రెండో ఏడు దీపావళికి కోటగిరి నుంచి మా అత్త చెల్లెలు వచ్చింది. వెంట తన ఆడబిడ్డ కూతుర్ని తెచ్చింది. నిండుగా, నవ్వుతూ, పెళ్లీడుకొచ్చిన పిల్ల. ఎందుకు తెచ్చిందో ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. అత్తా ఆమె చెల్లెలూ అరుగు మీద గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే నేను దొడ్లో బాతుల ముందు కూర్చుని ఒకటే అనుకున్నాను. ఈసారి పిల్లలు ఎన్నడూ లేనంతగా రావాలి. నా మేపు వల్లే వచ్చాయని ఈ ఇంటికి తెలియాలి.

అప్పుడు చేశాను తెలివితక్కువ పని. చెరుకు దేశంలో పుట్టిన మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టదు. మా ఎడ్ల కొట్టంలో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి పీపా ఉండేది. చక్కెర తీశాక మిగిలే నల్లటి తీపి పాకం. చొప్పలో కలిపి పెడితే బక్కచిక్కిన ఎడ్లు కూడా మెరిసిపోతాయి. ఎడ్లకు బలమైంది బాతులకు కాదా? తౌడులో మడ్డి కలిపి ముద్దలు చేసి పొద్దునా సాయంత్రం పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. అవి ఎగబడి తిన్నాయి. కాలువ దాకా నడిపిస్తే ఒళ్లు కరుగుతుందని నడిపించడం కూడా మానేశాను. చూస్తుండగానే పొట్టలు నేలకు ఆనాయి. ఎప్పుడో ఒకసారి కాలువకు తీసుకెళ్తే మగబాతు నీళ్లలో పెట్ట మీదికి ఎక్కబోయి, ఎక్కలేక, పక్కకు జారిపోయేది. నేను చూశాను. చూసి, ఇంకో పూట సరిపోతుందిలే అనుకున్నాను. ఏం చూస్తున్నానో నాకు అర్థం కాలేదా, అర్థం చేసుకోవడం ఇష్టం లేదా? ఈ ప్రశ్న నన్ను నేను అడిగీ అడిగీ అలిసిపోయాను.

గుడ్లయితే పెట్టాయి. పెట్ట పొదుగుకు కూర్చుంది. ఎస్తేరమ్మకు కబురంపాం. ఆ పొద్దున వాళ్ల వాడలో ఒక ముసలాయన చనిపోయాడు. ఆమె అక్కడికి వెళ్లి, తిరిగొచ్చి, తానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మా దొడ్డికి వచ్చింది. జుట్టు ఇంకా ఆరలేదు. కొనల నుంచి నీళ్లు కారి రవిక వెనక భాగం తడిసి ఉంది. ఆ తడి నేను నా కళ్లతో చూశాను. పెట్టను రెండు చేతులా పైకి లేపి, "అమ్మో, గింత బరువైందేందే!" అని నవ్వింది. తన దేవుణ్ని తలుచుకుని ఏదో గొణిగి, గుడ్లు ఒక్కొక్కటే లోపల పెట్టింది. నేను పక్కనే నిలబడి గంప అందించాను.

నెల గడిచింది. పిల్లలు బయటికి రావలసిన రోజులు వచ్చి పోయాయి. పెట్ట కదలకుండా కూర్చునే ఉంది, పాపం. చివరికి ఒక మధ్యాహ్నం అత్త ఎస్తేరమ్మను పిలిపించింది. కోటగిరి చిన్నత్త మళ్లీ వచ్చి ఉంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు గోడ దగ్గర నిలబడ్డారు. ఎస్తేరమ్మ గోరువెచ్చటి నీళ్లలో గుడ్లు వేసింది. లోపల పిల్ల ఉంటే గుడ్డు నీళ్లలో కదులుతుంది. ఒక్కటీ కదలలేదు. అత్త ఒక గుడ్డు తీసి రాతి మీద కొట్టింది. వాసనకు అందరం కొంగులు ముక్కులకు పెట్టుకున్నాం. ఇంకొకటి కొట్టింది. ఇంకొకటి. అన్నీ మురిగినవే.

అత్త నా చేతుల వైపు చూసింది. చిన్నత్త కూడా చూసింది.

ఎస్తేరమ్మ నన్నే అడిగింది. నెమ్మదిగా, తప్పు పట్టినట్టు కాకుండా. ఊళ్లో వాళ్ల వాడవాళ్లందరూ నన్ను పటేలమ్మా అంటే, ఆమె ఒక్కతే బిడ్డా అనేది.

"బిడ్డా, ఏం మేపినవ్ వీటికి? పెట్టను లేపిన్నాడే అనుకున్న, గింత కొవ్వెట్ల పట్టిందని."

"అందరు మేపేదే మేపిన. తౌడు, గడ్డి."

"ఇంకేం పెట్టలేదా?"

"ఏం పెట్టలే." అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. అత్త వైపు తిరిగి అన్నాను. "అత్తా, గుడ్లు వెట్టిన్నాడు ఈమె సావింటికాడికెళ్లి సక్కగ గిటే వచ్చింది. తానం జెయ్యలే. నేనే ఏమనలే, మనసు కష్టపెట్టుడెందుకని."

ఎస్తేరమ్మ చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. "గదేంది బిడ్డా? తానం జేసే వచ్చిన. నా నెత్తి తడి నువ్వు సూడలేదా?"

"నేను సూడలే."

అంతే. ఇదే నేను చేసింది. ఎక్కడా మెత్తబరచకుండా రాశాను. మడ్డి పెట్టడం తెలివితక్కువతనం. దాన్ని ఎవరైనా మన్నిస్తారు. ఆ తర్వాత అన్న మాట తెలియక అన్నది కాదు. నోరు తెరిచే ముందే అది ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. చావింటి మైల చేతులతో గుడ్లు పెట్టిందంటే మా ఇళ్లలో ఇంకో ప్రశ్న అడగరు. అది తెలిసే అన్నాను. మనసు కష్టపెట్టడం ఎందుకని అనే ముక్క కూడా ఎంత తెలివిగా చేర్చానో చూడండి. అబద్ధం చెప్తూ మంచిదాన్ని కూడా అయ్యాను.

అత్త ఎస్తేరమ్మను అనరాని మాటలన్నీ అంది. ఎస్తేరమ్మ తల వంచుకుని పోయే మనిషి కాదు. "మీ ఇంట్ల నేను అబద్ధమాడ్డది ఏనాడన్న ఉన్నదా, పటేలమ్మా?" అని గట్టిగానే అడిగింది. నా వైపు మళ్లీ చూడలేదు. గుడ్డు గంపలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వచ్చిన దొడ్డి దారినే పోయింది.

ఆ సాయంత్రం అత్త నా కంచంలో తనే నెయ్యి వేసింది. "నీ తప్పేం లేదు పో" అంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. సిగ్గు లేకుండా చెప్తున్నాను, లేదు, సిగ్గుతోనే చెప్తున్నాను. ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నాను. అబద్ధం చెప్పినందుకు కంటే ఆ నిద్రకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

తర్వాత జరిగిందంతా ఊళ్లోవాళ్లే చేశారు, నేను చెయ్యనక్కర్లేకపోయింది. గోడ దగ్గర నిలబడ్డ ఆ ఇద్దరూ చాలు. ఎస్తేరమ్మతో ఎవరూ కోడి కింద గుడ్లు పెట్టించలేదు. ఆ ఏడు పసుపు విత్తినప్పుడు మొదటి కొమ్ము ఇంకెవరో వేశారు. కాన్పులకు పిలవడం మానేశారు. మైల చేతులతో బిడ్డను పట్టుకుంటుందని భయం. ఎక్కడెక్కడి కీడో ఏరుకొచ్చి ఆమె చేతికి అంటగట్టారు. ఎప్పుడో చచ్చిన దూడ, ఎండిన మిరపతోట, అన్నీ. నేను వింటూ కూర్చున్నాను. ఒకటి రెండుసార్లు తల కూడా ఊపాను. ఆమె మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే చెప్పుకుంటూ తిరిగింది, నేను తానం చేసే పోయిన అని. చెప్పీ చెప్పీ నవ్వులపాలైంది. కొన్నాళ్లకు పిల్లలిద్దరినీ తీసుకుని నిజామాబాదు పోయి ఏదో ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరిందని విన్నాం. ఊరు ఊరంతటికీ బిడ్డల్ని అందించిన చేతులు.

మరుసటి ఏడు భయంతో బాతులకు మడ్డి పెట్టలేదు. తిండి మితంగా వేసి, రోజూ కాలువకు నడిపించాను. గుడ్లు పెట్టడానికి మనిషి దొరక్క అత్త నన్నే పెట్టమంది. పెట్టాను. అన్నీ పిల్లలయ్యాయి. అంతకు ముందు అనుమానమే, అప్పుడది రుజువైంది. తప్పు మడ్డిదని, మడ్డి పెట్టిన నాదని, దొడ్డి నిండా అరుస్తూ తిరిగే ఆ పిల్లలు చెప్పినట్టే ఉంది. ఊరు మాత్రం ఇంకోటి విన్నది. "చిన్న పటేలమ్మది మంచి చెయ్యి" అంది. అదే ఏడు నాకు కడుపు నిలిచింది. ఇంకేం కావాలి? ఒక ఇంటి నుంచి పిలిచారు, ఇంకో ఇంటి నుంచి పిలిచారు. పసుపు విత్తే రోజు మొదటి కొమ్ము నా చేతికిచ్చారు. వేశాను. అప్పటి నుంచి ఈ ఊళ్లో ఏ కోడి పొదిగినా నా చెయ్యే. ఆమెకున్న పేరును ఆమె బతికుండగానే నేను తొడుక్కు తిరిగాను.

ఒక్కసారి చెప్పే వీలొచ్చింది. పసుపు అమ్మడానికి మా ఆయనతో నిజామాబాదు గంజ్ మార్కెట్టుకు పోయాను. బస్తాల మధ్య కూర్చుంటే ఎదురుగా ఎస్తేరమ్మ వస్తోంది. మనిషి సగమైంది. నడక అదే. ఆగి, కళ్లు చిట్లించి నా వైపే చూసింది. నేను చేసిందేమిటో తెలుసా? కొంగు ముఖం మీదికి లాక్కుని బస్తాల వెనక్కి జరిగాను. ఆమె కాసేపు నిలబడింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. తర్వాత వెళ్లిపోయింది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు. ఆ రోజు ఎవరికి భయపడ్డాను? అత్త అప్పటికి మంచం పట్టింది. నాకు ఇద్దరు పిల్లలు. ఇంట్లోంచి పంపించేవాళ్లెవరూ లేరు. పోయేది ఒక్క మంచి చెయ్యి అన్న పేరే. దానికే అంత పిరికిదాన్నయ్యాను.

మూడేళ్ల కిందట ఎస్తేరమ్మ చనిపోయింది. కూతురి ఊరు ధర్పల్లి వైపని, అక్కడే మట్టి చేశారని పాలేరు చెప్పాడు. నేను బియ్యం చెరుగుతున్నాను. చెరుగుతూనే ఉన్నాను. ఇక ఎవరికి చెప్పాలి? కూతురి దగ్గరికి పోయి చెప్పాలని రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ బస్సు దాకా పోయి తిరిగొచ్చాను.

మొన్న పక్కింటి కొత్తకోడలు లక్ష్మి, తన కోడిపెట్ట పొదుగుకు కూర్చుందని నన్ను పిలిచింది. వెళ్లాను. దొడ్లో మేమిద్దరమే. ఆ పిల్ల ముఖం చూస్తే ఏమైందో, నోటికి వచ్చేసింది. నా చెయ్యి మంచిది కాదని, ఎస్తేరమ్మ అని ఒకామె ఉండేదని, ఆమె మీద నేను అబద్ధం చెప్పానని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి.

లక్ష్మి విన్నది. నవ్వింది, ఎగతాళిగా కాదు, పెద్దవాళ్ల చాదస్తానికి నవ్వినట్టు.

"ఎప్పటి ముచ్చటో గది పెద్దమ్మా. ఆమె లేనే లేదాయె. నువ్వు వెట్టు, పొద్దు పోతున్నది" అని గుడ్ల గంప నా ఒళ్లో పెట్టింది.

ఒద్దని లేచి రావలసింది. లేవలేదు. పెట్టాను, ఒక్కొక్కటే. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ పిల్లకు నా మాట ముచ్చటగా వినబడింది. మీకు అలా వినబడకూడదనే ఇంత విడమరిచి రాస్తున్నాను. మన్నించమని మిమ్మల్ని అడగను. అది ఇవ్వగలిగిన మనిషి ధర్పల్లి మట్టిలో ఉంది. ఇక్కడి దాకా రాశాక గుండె తేలికైందని అనలేను. ఊపిరి మాత్రం కిందిదాకా అందుతోంది.

లక్ష్మి వాళ్ల దొడ్లో ఆ గుడ్లు ఇంకా పెట్ట కిందే ఉన్నాయి. పిల్లలైతే నా చెయ్యి అంటారు. మురిగిపోతే ఎవరి మీదో ఒకరి మీద నెడతారు. నన్నయితే ఎవరూ ఏమీ అనరు.